పెంటద్వారమును బాగుచేసినవారు

పాఠ్యభాగము: నెహెమ్యా గ్రంథము, 3వ అధ్యాయము

ఈ నెల పాఠమునకు మనము తీసికొనిన అధ్యాయమును సంఘములో చదువుమనినప్పుడు చదువరులు వెనుకాడుదురు. ఏలయనగా ఇది యంతయు పేర్ల పట్టిక. ఫలానివాడు ఫలాని గుమ్మమును బాగుచేసెను, వాని ప్రక్కను ఫలానివాడు బాగుచేసెను, ఇట్లు ముప్పది రెండు వచనములు సాగును. నోరు తిరుగని పేర్లు. అయినను ఒక పెన్సిలు చేతబట్టుకొని, ఆ పనివారు ఏ ఊరివారో గుర్తు పెట్టుకొనుచు చదివినయెడల ఒక సంగతి కనబడును. కట్టబడుచున్నది యెరూషలేము పట్టణపు గోడ. కట్టుచున్నవారిలో అనేకులు ఆ పట్టణపువారు కారు. యెరికోవారు వచ్చిరి. గిబియోను, మిస్పా ఊళ్ళవారు వచ్చిరి. జానోహవారు లోయద్వారమును, దానితోపాటు వేయి మూరల గోడను బాగుచేసిరి. తెకోవ ఊరి పెద్దలు మెడ వంచుటకు ఒప్పుకొనకపోయినను ఆ ఊరి జనులు వచ్చిరి. ఒక భాగము ముగించి మరియొక భాగమును కూడ చేపట్టిరి. తెకోవ యనగా ఆమోసు ప్రవక్త మందలు కాచుకొనిన ఊరు. పల్లెటూరివారు తమ చేలు, మందలు విడిచి పట్టణపు గోడ కట్టవచ్చిరన్నమాట.

పట్టణపు గోడతో పల్లెవారికేమి పని యని ఎవరైనను అడుగవచ్చును. వారి ధాన్యము అమ్ముడుపోవునది ఆ పట్టణములోనే. శత్రువు వచ్చిన దినమున వారు పరుగెత్తి చేరవలసినదియు ఆ గోడ వెనుకకే. గోడకు పడిన గండి వారిది కూడ.

పట్టణములు విడుచు పొగను తగ్గించవలెననియు, గాలివానలకును ఎండలకును అవి తట్టుకొనునట్లు చేయవలెననియు ఇప్పుడు లోకమంతట మాటలాడుచున్నారు. అది పట్టణపువారి గొడవ యని పల్లె సంఘములవారము ఊరకుండవచ్చునా? శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో పట్టణమునకు బిడ్డను పంపని ఇల్లు అరుదు. కొందరు విశాఖపట్టణములోను, విజయవాడలోను, హైదరాబాదులోను, చెన్నపట్టణములోను ఇసుక మోయుచున్నారు, ఇనుము కట్టుచున్నారు. కొందరు పురపాలక సంఘములలో తెల్లవారకముందే చీపురు పట్టుచున్నారు. పట్టణములో ఎండ మండినప్పుడు కాలునది మన బిడ్డల వీపులే. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా మరణించిరి. వృద్ధులును, ఎండలో కూలిపని చేయువారును వారిలో అనేకులు.

ఇక గాలివానల సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ వద్ద తీరము దాటుచు మన ఉత్తరపు మండలములను కుదిపెను. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, ఆదివారము మధ్యాహ్నవేళ, హుద్‌హుద్ విశాఖపట్టణము మీదికే వచ్చెను. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. విమానాశ్రయపు పైకప్పు ఊడిపోయెను. తుఫానులను కనిపెట్టు రాడారే దెబ్బతినెను. కరెంటు స్తంభములు వేలకొలది పడి, అంత పెద్ద నగరము చీకటిలో కూర్చుండెను. పాలకును త్రాగునీటికిని పెట్రోలునకును జనులు వరుసలు కట్టిరి. తరువాత 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగినవి. కొబ్బరిమొక్క కాపునకు రావలెనన్న ఆరేడు సంవత్సరములు పట్టును. తాత నాటిన చెట్టు పడినచోట మనుమడు మరల గొయ్యి త్రవ్వి మొక్క పెట్టి, అది కాయువరకు కూలికి వలసపోవలసివచ్చెను. 2021 సెప్టెంబరు 26న, అదియు ఆదివారమే, గులాబ్ కళింగపట్టణమునకు ఉత్తరమున తీరము దాటి, గాలికంటె వానచేత ఎక్కువ నష్టము కలుగజేసెను.

మన తాతల నాడు గాలివానలు లేవా? ఉండెను. ఏదో ఒక తుఫానును చూపి, ఇది ఫలానివారి పొగవలననే వచ్చినదని చెప్పుట సరికాదు. అట్లు తేల్చిచెప్పువారిని మేము నమ్మము. అయితే శాస్త్రజ్ఞులు నిశ్చయముగా చెప్పు సంగతులు కొన్ని కలవు. బొగ్గు, పెట్రోలు కాలినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. గాలి ఆడక కుళ్ళినచోట మీథేను అను వాయువు పుట్టును. ఇవి ఆకాశమున దుప్పటివలె కప్పుకొని, భూమినుండి పైకి పోవలసిన వేడిని ఆపును. 1850-1900 నాటితో పోల్చగా 2011-2020 నాటికి భూమి సుమారు 1.1 డిగ్రీలు వేడెక్కినదని దేశదేశముల శాస్త్రజ్ఞులు కూడి 2021లో ప్రకటించిరి. ఒక డిగ్రీయే గదా యనవద్దు. బిడ్డ ఒంటికి ఒకటి రెండు డిగ్రీలు హెచ్చినయెడల తల్లి రాత్రియంతయు మేలుకొనును. వెచ్చని సముద్రము తుఫానునకు మేత. గాలి ఒక డిగ్రీ వేడెక్కినయెడల నూటికి ఏడు పాళ్ళు ఎక్కువ ఆవిరిని మోయును. ఆ ఆవిరి దిగినప్పుడు కుండపోతగా దిగును. తుఫానుల లెక్క పెరుగకపోయినను వాటిలో బలమైనవాటి వంతు పెరుగుననియు, వాటి వాన హెచ్చుననియు వారు చెప్పుచున్నారు.

మా ఊరిలో మిల్లులు లేవు, కార్లు లేవు, మేమేమి పొగ చేసితిమి యని సంఘములో ఒకరు లేచి అడిగినయెడల అది న్యాయమైన ప్రశ్నయే. తలకు ఇంత యని లెక్కగట్టినప్పుడు భారతీయుని వంతు లోకపు సగటులో సగము కూడ లేదు. ధనిక దేశములు నూరు సంవత్సరములకు పైగా కాల్చిన బొగ్గు పొగయే ఆకాశమున ఎక్కువ పేరుకొనియున్నది. వారి అప్పు వారిని తీర్చుమని అడుగుట తప్పు కాదు, అడుగవలెను. అయినను ఇంటి కప్పు ఎగిరినప్పుడు తగవు తీరువరకు వానలో కూర్చుండము గదా. ఈ వాయువులలో సుమారు మూడింట రెండు వంతులు పట్టణముల జీవనము వలననే పుట్టుచున్నవి గనుక, పట్టణములు మారనిది లెక్క తగ్గదు.

పట్టణపు దీపము సంగతి చూతము. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరియున్న పరవాడ వద్ద సింహాద్రి విద్యుత్ కేంద్రము కలదు. దాని శక్తి 2,000 మెగావాట్లు, బొగ్గుతో నడుచును. అటువంటి బొగ్గు కేంద్రమునే సోంపేట బీలలో పెట్టదలచినప్పుడు రైతులును జాలరులును అడ్డుకొనిరి. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. బీల యనగా ఏమో బయటివారికి తెలియదు. వాననీటిని ఒడిసిపట్టి పశువులకును చేలకును చేపలకును నిలుపు పల్లపు నేల అది. ఆ కేంద్రము అక్కడ కట్టబడలేదు. పట్టణపు వెలుగునకు ఏదో ఒక పల్లె వెల చెల్లించునని చూపుటకే దీనిని వ్రాయుచున్నాము. కావున పట్టణములో కరెంటు వాడకము తగ్గినయెడల మేలు పల్లెకు కూడ చేరును. హుద్‌హుద్ తరువాత విశాఖపట్టణపు నగరపాలక సంఘమువారు పాత వీధిదీపములను తీసి ఎల్.ఇ.డి. దీపములు పెట్టిరి. 90,000కు పైగా దీపములు మార్చబడి, కరెంటు ఖర్చు బాగుగా తగ్గెను. 2018లో ముడసర్లోవ జలాశయపు నీటిమీద 2 మెగావాట్ల సౌరపలకలను తేలవేసిరి. ఇండ్లలోని బల్బులు మార్చు పథకము 2014లో మన రాష్ట్రమున మొదట నాలుగు జిల్లాలలో ప్రారంభమైనప్పుడు శ్రీకాకుళము వాటిలో ఒకటి. 60 వాట్ల పాత బల్బు ఇచ్చు వెలుగును 7, 9 వాట్ల బల్బు ఇచ్చుచున్నది. మన మందిరములలో ఇంకను పాత బల్బులున్నయెడల సంఘపు పెద్దలు ఈ నెలలోనే మార్చవచ్చును. బిల్లు చూచినప్పుడు కోశాధికారి సంతోషించును.

ఇప్పుడు పదునాలుగవ వచనమునకు రండి. యెరూషలేములో పెంటద్వారమని ఒక గుమ్మముండెను. పట్టణపు చెత్తయంతయు లోయలోనికి పోవు త్రోవ అది. దానిని బాగుచేయుటకు నిలిచినవాడు కూలివాడు కాడు. బేత్‌హక్కెరెము అను ప్రదేశమునకు అధిపతియగు మల్కీయా. తలుపులు నిలిపి, గడియలు, తాళములు అమర్చెనని చెప్పబడినది. బేత్‌హక్కెరెము అను పేరునకు ద్రాక్షతోట ఇల్లు అని అర్థము. తోటల ఊరి పెద్ద అన్ని గుమ్మములుండగా పెంటద్వారమునకే ఎందుకు వచ్చెనో వ్రాయబడలేదు. ఎరువు విలువ తెలిసినవాడు గనుక వచ్చెనని మా ఊహ. ఊహయే గనుక దానిమీద సిద్ధాంతము కట్టకుడి.

మన పట్టణముల పెంటద్వారములు ఎట్లున్నవి? అన్నము మెతుకులు, కూరల తొక్కులు, ప్లాస్టిక్కు సంచులు, గాజుపెంకులు అన్నియు కలిపి ఒక్కచోట గుట్టగా పోయుట చిరకాలపు వాడుక. ఆ గుట్ట పట్టణము నడుమ ఉండదు. పొలిమేర దాటి ఏదో పల్లె ప్రక్కను ఉండును. వేసవిలో అంటుకొనిన పొగ ఆ పల్లెకు; వానకాలమున దిగు నల్లని నీరు ఆ పల్లె గెడ్డలోనికి. గుట్ట లోపల గాలి ఆడక తడి చెత్త కుళ్ళి మీథేను పుట్టును. ఇరువది సంవత్సరముల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 80 రెట్లు వేడిని పట్టియుంచును. అదే తడి చెత్తను వేరుగా తీసి, గాలి తగులునట్లు పొరలు పొరలుగా వేసి, అప్పుడప్పుడు తిరుగవేసినయెడల మీథేను బహు కొద్దిగా పుట్టి, చేతికి గత్తము వచ్చును. పట్టణము చేయు పనులలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు కలిగించునది మరియొకటి కలదో లేదో మాకు అనుమానమే.

బొబ్బిలి యనగానే మనకు 1757 నాటి యుద్ధమును, పనసకర్రతో చేయు వీణయు జ్ఞాపకమునకు వచ్చును. ఈ పదిపదిహేను సంవత్సరములలో ఆ చిన్న పట్టణము చెత్త విషయములో కూడ పేరు పొందినది. పురపాలక సంఘమువారు ఇంటి గుమ్మము వద్దనే తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా తీసికొని, తడిదానిని వానపాముల చేత ఎరువుగా చేయించి, పొడిదానిని అమ్మకమునకు పంపు పద్ధతి పెట్టిరి. ఇతర పట్టణములవారు చూడవచ్చిరి. ఇట్టి పని పెద్ద నగరములకే సాధ్యమని చెప్పువారు బొబ్బిలి వీధులలో ఒకసారి నడచి రావలెను. ఏబది వేలకు పైబడిన జనులున్న పట్టణము చేసినదానిని పార్వతీపురము, పలాస, ఆమదాలవలస చేయలేవా?

ఈ పని నిలుచుటయు పడుటయు గుమ్మము దగ్గరనే. ఇల్లాలు రెండు బుట్టలు పెట్టినయెడల నిలుచును. అన్నియు ఒక సంచిలో కట్టి విసరినయెడల పడిపోవును. కట్టి విసరిన సంచిని తరువాత విప్పువారెవరు? చీపురు పట్టిన మన తోబుట్టువులు. పగిలిన గాజు, ఆసుపత్రి సూది, మైలగుడ్డ, ఇవన్నియు వారి వ్రేళ్ళకు తగులును. తడి చెత్త, పొడి చెత్త, అపాయకరమైన చెత్త అని మూడుగా ఇంటివారే వేరుచేసి ఇవ్వవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము నిబంధన చేసినది. నిబంధన కాగితము మీద ఉండగా ఎన్ని ఇండ్లలో ఒక్క బుట్టయే ఉండెనో మనకు తెలియును. పట్టణములో ఉద్యోగము చేయుచు అద్దె ఇండ్లలోనున్న మన సంఘస్థులు ఈ మాట చెవినబెట్టవలెను. తన తండ్రి పురపాలక సంఘములో ఊడ్చువాడని చెప్పుటకు సిగ్గుపడు యౌవనస్థులు కలరు. వారు పదునాలుగవ వచనమును మరల చదువవలెను. మల్కీయా పేరు గ్రంథమునకెక్కినది పెంటద్వారము వలననే. పన్నెండవ వచనములో షల్లూముతోకూడ అతని కుమార్తెలు గోడ పని చేసిరని ఉన్నది. ఆ కుమార్తెల పేర్లు మాత్రము వ్రాయబడలేదు, అదియొక్కటే మాకు లోటుగా తోచును.

మరి చేలున్నవారి వంతు ఏమి? మన మెట్టలలోని ఎర్రనేల గత్తము లేనిది నీటిని పట్టదు. పశువులు తగ్గిన ఊళ్ళలో గత్తము దొరకుట కష్టమైనది. పట్టణములో తయారైన ఎరువును రైతు కొననినాడు అది షెడ్డులో మూలుగును. కొనువాడు లేడని వేరుచేయుట మానివేయుదురు. మరల గుట్ట పెరుగును. అందుచేత ఒక ఊరి రైతులు నలుగురు కూడి వెళ్ళి, ఆ ఎరువును పిడికిట పట్టి వాసన చూచి, గాజు, ప్లాస్టిక్కు తునకలు లేనియెడల అర ఎకరమునకైన వేసి చూడవలెనని మా సలహా. తునకలున్నయెడల మొగమాటము లేక వెనుకకు పంపుడి. మన పంచాయతీలలో కూడ చెత్తనుండి సంపద తయారుచేయు షెడ్లు అనేకము కట్టబడినవి. కొన్నిట పని జరుగుచున్నది, కొన్నిట తాళము వ్రేలాడుచున్నది. మీ ఊరిలో ఏది జరుగుచున్నదో గ్రామసభలో అడుగుడి.

మందిరములో ప్రతిష్ఠ పండుగకును పెండ్లికిని పెట్టు భోజనములలో థర్మాకోలు పళ్ళెములు వచ్చి, మరునాడు మందిరపు వెనుక తగులబెట్టబడుచున్నవి. ఆ పొగ పీల్చునది ఆదివారపు బడి పిల్లలు. ఏజెన్సీలోని స్త్రీలు కుట్టు అడ్డాకుల విస్తళ్ళు సంతలలో ఇంకను దొరకుచున్నవి. కొంచెము ముందుగా చెప్పి తెప్పించుకొనవలెను, అంతే.

ముందు సిద్ధపడినయెడల ఎంత మేలో చెప్పుటకు రెండు లెక్కలు చాలును. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పదివేల ప్రాణములు పోయెనని అంచనా. హుద్‌హుద్ నాడు ఆంధ్రప్రదేశ్‌లో మరణించినవారు నూరుమంది లోపు. రెండు తుఫానులును ఒక్క తీరుగా రాలేదు, నిజమే. అయినను రెండవసారి హెచ్చరిక ముందుగా అందినది, జనులను తీరమునుండి తరలించిరి. ఆ తరువాత విశాఖపట్టణములో ప్రపంచ బ్యాంకు అప్పుతో కొన్ని వీధుల కరెంటు తీగలను భూమిలో వేసిరి. విజయనగరములో పెద్ద చెరువును, అయ్యకోనేరును పూర్వులు త్రవ్వినది వాననీరు నిలుచుటకు. చెరువు గర్భములో ఇండ్లు లేచినకొలది ఆ నీరు వీధులలో చోటు వెదకుకొనును. పట్టణములో స్థలము కొనదలచిన మన సంఘస్థులు ఆ స్థలము వెనుకటి చెరువో గెడ్డయో ముసలివారిని అడిగి కొనుట మంచిది. చవుకగా వచ్చినదని సంతోషింపవద్దు.

మందిరముల సంగతి కూడ చెప్పవలెను. ఎగిరిపోవు కప్పులలో మన రేకుల మందిరములుండును. రేకును మేకులతో కొట్టినయెడల గాలి క్రిందినుండి దూరి లేపివేయును. వంకీ బోల్టులతో కమ్మీకి బిగించి, కమ్మీని దూలమునకు, దూలమును గోడలోని ఇనుమునకు కట్టినయెడల చాలవరకు నిలుచును. తీరపు ఊళ్ళలో మందిరమునకు సముద్రపువైపున తాటి, వేప వంటి వేరు లోతుగల దేశవాళి చెట్లు నాటుడి. సెప్టెంబరు నెలాఖరునకు, అనగా గాలివానల కాలమునకు ముందు, ఊరిలో ఒంటరిగానున్న వృద్ధులు, గర్భవతులు, నడవలేనివారు ఎవరెవరో వ్రాసి, ఎవరు ఎవరిని తుఫాను రక్షణ కేంద్రమునకు తీసికొనిపోవలెనో నిర్ణయించి, ఆ కాగితము మందిరపు తలుపునకు అంటింపవలెను. ఆ పట్టికలో మన సంఘస్థుల పేర్లే ఉండకూడదు. ఊరి వారందరివి ఉండవలెను. యెరూషలేము గోడను ఏబది రెండు దినములలో కట్టిరి. ఈ పట్టికకు రెండు సాయంకాలములు చాలును.

సంఘములలో ఈ పాఠమును నడిపించువారు ముందుగా అధ్యాయమంతయు చదివించి, ఊళ్ళ పేర్లను పలకమీద వ్రాయించవలెను. వ్రాసిన తరువాత మన ఊరినుండి పట్టణమునకు పోయినవారు ఎక్కడెక్కడ ఏ పనిలోనున్నారో అడిగి, ఆ పేర్లను ప్రక్కను వ్రాయుడి. మీ ఊరివారు ఏ పట్టణపు ఎరువు తెచ్చి వాడిరో, పంట ఎట్లున్నదో మాకు కార్డు వ్రాసినయెడల ఇతర సంఘములకు తెలియజేయుదుము. వచ్చు నెల పాఠమునకు అయిదవ అధ్యాయమును చదివి రండి. అందులో కరవునాడు చేలు తాకట్టు పెట్టి ధాన్యము తెచ్చుకొనినవారి మొఱ ఉన్నది.